సందూక మూత మీది వారంటీ

ఖైరున్నిసాకు దొంగలంటే భయం లేదు, దయ్యాలంటే భయం లేదు. "నాకు తెల్సు" అనే మనుషులంటేనే భయం. భయం అనడం కూడా మర్యాదకే. నిజానికి అది రోత. ఆ మాట చెవిన పడితే చాలు, పాలగిన్నెలో బల్లిని చూసినట్టు ఆమె మొహం ముడుచుకుపోయేది. దొంగ ఒకసారి దోచుకుని తన దారిన తాను పోతాడు, అన్నీ తెలిసినవాడు మాత్రం పక్కనే కూర్చుని బతుకంతా సాయం చేస్తాడు అనేది. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. అటువంటివాడు ఆమె సొంత అన్న.

ఆమెది వనపర్తి. ఇంటర్ కాగానే బల్మూరు ఇచ్చారు. కట్టుకున్నవాడు కూడా తెలిసినవాడే. అన్నంలో ఉప్పు ఎంతో తెలుసు, వానెప్పుడు పడుతుందో తెలుసు, పెళ్ళాం నోరు ఎప్పుడు మూయించాలో మరీ బాగా తెలుసు. రెండేళ్ళు భరించి, ఖులా అడిగి విడాకులు తీసుకుని, కట్టుబట్టలతో తిరిగొచ్చింది. ఊరు నాలుగు రోజులు ముక్కున వేలేసుకుంది. ఆమె మాత్రం చేతి గాజులు అమ్మి కంప్యూటర్ కొనుక్కుని, పాలిటెక్నిక్ కాలేజీకి పోయే దారిలో ఇల్లు అద్దెకు తీసుకుని, ముందుగదికి 'నిసా డి.టి.పి.' అని బోర్డు కట్టింది.

పని అబ్బింది ఆమెకు. ఒకే శుభలేఖ మీద తెలుగు, ఉర్దూ రెండూ తప్పు లేకుండా కూర్చగల మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. నిఖా రుక్కాలు, లగ్గం పత్రికలు, గద్వాల చీరల పెట్టెల మీద అంటించే రంగు కాగితాలు, అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. తెల్లారి లేస్తే పని, పొద్దుగూకితే పని. నా బువ్వ నేను తింటున్న, ఎవడికీ జవాబు చెప్పే పని లేదని ఆమెకు గుండె నిండుగా ఉండేది.

గుండె నిండుగా ఉంటే ఊరుకునే అన్న కాడు ఫకీర్. ఇంతకీ ఫకీర్ చెడ్డవాడని ఎవరన్నా అంటే కళ్ళు పోతాయి. చెల్లెలంటే ప్రాణం. ఒకప్పుడు షార్జాలో ఒక గోదాములో రెండేళ్ళు పనిచేశాడు. తిరిగి వచ్చేటప్పుడు బొంబాయిలో కస్టమ్స్ అధికారి అందరి ముందరా అతని అట్టపెట్టె కోయించి, "కొత్తది, పన్ను కట్టు" అని సీలు కూడా విప్పని వీసీఆర్‌ను గుంజుకున్నాడు. ఆ అవమానం ఫకీర్ మెదడులో మేకులా దిగింది. అప్పటినుంచి వనపర్తిలో, పాన్‌గల్‌లో ఎవరింట గల్ఫ్ సామాను దిగినా, ఎవరు గల్ఫ్‌కు ఎక్కినా, నైలాన్ తాడు కట్ట భుజాన వేసుకుని ఫకీర్ ప్రత్యక్షం. పెట్టెలు కట్టడం, మార్కర్‌తో పెద్దక్షరాల్లో పేర్లు రాయడం, కొత్త వస్తువును పాతగా కనబడేట్టు చేయడం అతని విద్య. పైసా తీసుకునేవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. పైసా తీసుకుంటే వద్దని చెప్పొచ్చు. ఊరికే చేసేవాణ్ణి ఏమని ఆపుతాం?

ఖైరున్నిసా కంప్యూటర్ కొన్న కొత్తలోనే ఒక దెబ్బ తగిలింది. అది ఏడాది తిరగకముందే ఆగిపోయింది. కంపెనీ మనిషి వచ్చాడు. వెనుక మరలు దాచే వెండిరంగు సీలు లేదు. "ఎవరో విప్పిన్రమ్మా, వారంటీ పోయింది" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అంతకుముందు ప్రింటర్ బిగించడానికి వచ్చినవాడు ఒక్కడే, బస్టాండు దగ్గర రిపేరు కొట్టు పెట్టుకున్న మద్దిలేటి. ఇంకేముంది, ఫకీర్ ఆ కొట్టు ముందర నిలబడి ఊరంతా వినేట్టు తిట్టాడు. "నా చెల్లె మిషన్ విప్పి లోపలి సామాను కొట్టేసిండు, దొంగ నాయాలు!" మద్దిలేటి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నమ్మినవాడు లేడు. అంతవరకు కంప్యూటర్లు బాగుచేసిన మనిషి, ఆ తర్వాత మిక్సీలకు, టార్చిలైట్లకు దిగాడు. ఆరేళ్ళు గడిచినా ఖైరున్నిసా అతని కొట్టు ముందునుంచి తల తిప్పుకునే నడిచేది.

అటువంటి సమయంలో మస్కట్ నుంచి ఆ కబురు వచ్చింది. అక్కడ ఒక ప్రెస్సులో తెలుగు, ఉర్దూ రెండూ కూర్చే మనిషి కావాలట. ఆమె చేసిన శుభలేఖ ఒకటి ఎవరి చేతిలోనో పడి అక్కడిదాకా పోయింది. ప్రెస్సు ఓనరు మలయాళీ. ఫోన్‌లో సూటిగా చెప్పాడు. "మా మిషన్లలో మీ భాష లేదు. మీ మిషన్ మీరు తెచ్చుకోవాలి. అది ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే మీరు ఇంటికి పోవాలి." హైదరాబాద్ పోయి ల్యాప్‌టాప్ కొన్నది ఖైరున్నిసా. కొన్ననాడే అనుకుంది, ఈసారి వారంటీ మాత్రం చావనివ్వను అని.

అందుకు ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంటాడు, మూడు నొక్కమంటాడు, నొక్కినాక సన్నాయి వినిపిస్తాడు. వేళ్ళు అరిగేదాకా నొక్కి, చివరికి మనిషి గొంతు పట్టుకుంది. అటువైపు అమ్మాయి ఓపికగా చెప్పింది. ఇక్కడ కొన్న మిషన్‌కు అక్కడ రిపేరు చేయాలంటే, దేశం మారుతున్నట్టు పోకముందే కంపెనీకి చెప్పి రాయించుకోవాలి. బిల్లు వెంట ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మిషన్ అడుగున నంబరు అచ్చువేసిన లేబుల్ ఉంటుంది, దానికేమీ కాకూడదు. "అది లేకపోతే మీ మిషన్ ఏదో మాకు తెలియదు మేడమ్" అన్నది. ఖైరున్నిసా చెప్పినవన్నీ చేసింది. మస్కట్‌కు మార్పు రాయించింది. లేబుల్ మీది అక్షరాలు అరిగిపోకుండా పైన పారదర్శకపు టేపు కూడా అంటించింది. తన చేత్తో తాను ఒక పని మొదలునుంచి చివరిదాకా చక్కగా చేసుకున్నానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ప్రయాణం వారం ఉందనగా పాన్‌గల్‌లో ఉన్న ఖాలాకు, అంటే తల్లి చెల్లెలికి, చెప్పి వద్దామని పోతూ, ఇంటి తాళం వదిన బుష్రాకు ఇచ్చింది. మరునాడు మధ్యాహ్నం వచ్చి చూస్తే ముందుగదిలో అట్టపెట్టె. చుట్టూ నైలాన్ తాడు అడ్డంగా నిలువుగా బిగించి ఉంది. పైన ఏనుగంత అక్షరాల్లో ఆమె పేరు. పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఫకీర్ చాయ్ తాగుతున్నాడు.

ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలోనే నడుస్తాయి. కొట్లాట వస్తే మాత్రం అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ తెలుగులోకి దిగుతారు. ఆనాడు ఖైరున్నిసా గడప దాటకముందే దిగింది.

"భాయ్, అండ్ల ఏం పెట్టినవ్?"

"నీ లాప్‌టాప్. మంచిగ బట్టల నడుమల పెట్టి కట్టిన. ఇగ నువ్వు పరేషాన్ గాకు."

"నిన్నెవరు ముట్టుకోమన్నరు?"

"ఒకరు చెప్పాల్నా ఏంది? నాకు తెల్వదా?"

ఆమె కత్తిపీట తెచ్చి తాళ్ళు తెంపింది. ఫకీర్ "అరె, అరె" అంటూనే ఉన్నాడు. బట్టల మధ్యనుంచి మిషన్ బయటపడింది. అది తనదేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అద్దంలా మెరిసే పైభాగమంతా గీతలు. గిన్నెలు తోమే పీచుతో రుద్దాడు మహానుభావుడు, ఐదేళ్ళనాటిదిగా కనబడాలని. తిప్పి చూసింది. అడుగున లేబుల్ ఉండాల్సిన చోట నున్నగా గుండు కొట్టించినట్టుంది. బంక తుడిచిన కిరసనాయిలు వాసన గుప్పుమంది.

ఆమె మిషన్‌ను అలాగే అన్న ముందుకు తోసింది.

"లేబుల్ యాడ?"

"తీసిన. లేబుల్ ఉంటే కొత్తదని కస్టమ్సోడు పట్టుకుంటడు. నా వీసీఆర్ సంగతి ఎర్కలేదా?"

"నువ్వు వచ్చేటప్పుడు పట్టుకున్నరు భాయ్! నేను పోతున్న! పోయేటోళ్ళ సామానుకు పన్ను ఎవడేస్తడు?"

ఫకీర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "చూడు బేటా. కస్టమ్స్ అంటే కస్టమ్సే. పోయినా గంతే, వచ్చినా గంతే. నాకు తెల్సు."

ఛీ. ఆ మొహం చూడాలంటేనే అసహ్యం వేసిందామెకు. తప్పు చేశానన్న నీడ కూడా లేదు. పైగా తన మీదే జాలి పడుతున్నాడు. వద్దంటే వినడు, తిడితే తగలదు, ఏడిస్తే తల నిమురుతాడు. ఇలాంటివాణ్ణి ఏం చేయాలి? ఆమె మళ్ళీ కంపెనీకి ఫోన్ చేసి, నొక్కాల్సినవన్నీ నొక్కి, జరిగింది చెప్పింది. లేబుల్ లేకుండా అక్కడ మిషన్‌ను ముట్టుకోరని చెప్పారు. ఊడిన లేబుల్ చిరగకుండా దొరికితే మాత్రం మిషన్‌తో పాటు హైదరాబాద్ సర్వీసు కేంద్రానికి తెమ్మన్నారు. రెండూ సరిపోలితే ఏమన్నా చేయొచ్చు అన్నారు, చేస్తామని మాత్రం అనలేదు.

"పారేసినవా?" అని అడిగింది అన్నను.

ఫకీర్‌కు పౌరుషం వచ్చింది. "పారేస్తనా? నేను తీసిన లేబుల్ ఒక్కటన్న పారేసిననా? ఇస్త్రీపెట్టె జర ఎచ్చగ తాకిచ్చి బ్లేడుతోని లేపిన. నువ్వు పైన టేపేసి పుణ్యం కట్టుకున్నవ్, ఒక్క చిరుగు లేకుంట ఒకటే ముక్క వచ్చింది. రా, చూపిస్త."

రెండు వీధుల అవతల అన్న ఇల్లు. పడకగదిలో షార్జా నుంచి తెచ్చిన రేకు సందూక ఉంది. ఫకీర్ దాని మూత ఎత్తి గోడకు ఆనించాడు. మూత లోపలివైపు అంగుళం ఖాళీ లేదు. టేప్‌రికార్డర్లవి, మిక్సీలవి, ఇస్త్రీపెట్టెలవి, కెమెరాలవి, ఏళ్ళ తరబడి ఊళ్ళో వాళ్ళ సామానునుంచి లేపిన లేబుళ్ళు వరసగా, ముచ్చటగా, గట్టి బంకతో అంటించి ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇళ్ళ వారంటీలు చచ్చి పడున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఫకీర్ మాత్రం వేటలో కొట్టిన పులుల తలలు చూపించినట్టు చూపిస్తున్నాడు. కుడిచేతి మూలన, ఇంకా బంక ఆరని లేబుల్ ఆమెదే. టేపుతో సహా ఉంది.

దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటుండగా కింద ఇంకొకటి కనబడింది. వెండిరంగు ముక్క. కంప్యూటర్ అమ్మిన షాపువాడు దాని మీద నీలం పెన్నుతో రాసిన అక్షరాలు ఇంకా చెరగలేదు. 'నిసా డి.టి.పి.'

ఆమె వంగి ఆ అక్షరాలు రెండోసారి చదివింది.

"ఇది నువ్వే తీసినవా?"

ఫకీర్ సందూకలోకి చూస్తూ గొణిగాడు. "లోపల అసలు సామానే పెట్టిన్రా, డూప్లికేట్ పెట్టిన్రా అని చూద్దామని విప్పిన. మల్ల మంచిగనే బిగించిన."

"మద్దిలేటన్నను బజార్ల నిలబెట్టి దొంగ అన్నవ్."

"నేను తీసినందుకు పోయిందని నాకేం తెల్సు? వాడు సుత ముట్టుకున్నడు గద. ఇగ నీకు చెప్తే నువ్వు పరేషాన్ అయితవని..."

అన్నీ తెలిసిన మనిషికి అదొక్కటే తెలియలేదట! ఖైరున్నిసా థూ అని గడప అవతల ఉమ్మింది. వంటింట్లోంచి వచ్చిన బుష్రా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తన భర్తను చూసి ఎవరైనా అలా ఉమ్మడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఉమ్మాలని ఆమెకు కూడా ఎన్నిసార్లు అనిపించిందో ఆమె చెప్పలేదు గానీ, అడగకుండానే మరలు తిప్పే పేచీకస్ తెచ్చి ఆడబిడ్డ చేతిలో పెట్టింది. లేబుల్‌ను మళ్ళీ లేపితే చిరుగుతుంది. అందుకని ఖైరున్నిసా సందూక మూత మరలే విప్పింది. ఫకీర్ "నా సందూక! నా సందూక!" అని వెంటపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మూతను దుప్పట్లో చుట్టుకుని, మిషన్ చంకన పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కింది. కండక్టర్ మూతకు లగేజీ టికెట్ కొట్టాడు. పక్కన కూర్చున్న ముసలామె "గదేంది బిడ్డా, తలుపా?" అని అడిగింది. "మా అన్న తెలివి" అన్నది ఖైరున్నిసా.

సర్వీసు కేంద్రంలో చల్లని గాలి, అద్దాల గోడలు. దుప్పటి విప్పి మూతను కౌంటర్ మీద పెట్టగానే అక్కడున్నవాడు కళ్ళు నులుముకున్నాడు. లోపలివాళ్ళను పిలిచాడు. నలుగురు వచ్చారు, ఐదో అతను ఫోన్‌తో ఫోటో తీశాడు. అందరూ నవ్వారు. మధ్యలో ఆమె బురఖాలో చెమటలు కక్కుతూ నిలబడింది. మనిషి పరువు ఇంతకంటే ఏం పోవాలి? అన్న చేసిన పనికి చెల్లెలు కోతిని ఆడించేదానిలా నిలబడింది. చివరికి ఒక పెద్దావిడ వచ్చి నవ్వేవాళ్ళను కసిరి, మిషన్ ఆన్ చేయించింది. తెర మీద వచ్చిన నంబరు, మూత మీది లేబుల్ నంబరు, బిల్లులో నంబరు ఒకటే. తర్వాత మిషన్‌ను తిరగేసి మరలన్నీ పరీక్షగా చూసింది.

"అదృష్టం ఉంది మీకు. లోపల ఎవరూ విప్పలేదు. విప్పి ఉంటే నేను కూడా ఏమీ చేయలేకపోయేదాన్ని" అన్నది.

అదృష్టమా, మట్టా! అన్న పేచీకస్ లావుగా ఉండి ఆ సన్నమరలకు పట్టలేదు, అంతే సంగతి. విప్పే ప్రయత్నం చేసినట్టు ఒక మర పక్కన గీత కూడా ఉంది. పెద్దావిడ మూతకు ఫోటో తీయించి, లేబుల్ ఊడింది గానీ మిషన్ ఇదేనని కంపెనీ కంప్యూటర్‌లో ఎక్కించి, సంతకం పెట్టి కాగితం ఇచ్చింది. కొత్త లేబుల్ మస్కట్‌లో అంటిస్తారు, వారంటీ మస్కట్‌లో నడుస్తుంది అని చెప్పింది. ఖైరున్నిసా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, మూత ఒళ్ళో పెట్టుకుని, కసిదీరా ఏడ్చింది.

సాయంత్రం వనపర్తి బస్టాండులో దిగేసరికి ఫకీర్ ఎదురుగా ఉన్నాడు. ఆమె ఫోన్‌లో బుష్రాకు చెప్పిన విషయం ముందుగానే రాబట్టాడు కాబోలు, మొహం వెలిగిపోతోంది. పక్కన ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు.

"చూసినవా? నేను పైలంగ దాచబట్టే నీ వారంటీ బతికింది. ఇంకొకడైతే చించి పారేస్తుండె. ఇటియ్ నా మూత."

కోపం వస్తే తిట్టొచ్చు. ఆమెకు కోపం కూడా రాలేదు. చెప్పులో అతుక్కున్న పేడను చూసినట్టు చూసి, పక్కకు జరిగి నడిచింది. మూత కోసం ఫకీర్ వెనకాలే నడిచాడు. ఆరేళ్ళుగా తల తిప్పుకుని దాటిన కొట్టు ముందు ఖైరున్నిసా ఆగింది.

మద్దిలేటి మిక్సీ జార్ ఒకటి ముందర పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను, వెనకాల ఫకీర్‌ను చూడగానే లేచి రెండడుగులు వెనక్కి వేశాడు, మళ్ళీ తిట్టడానికి వచ్చారనుకున్నట్టు. ఆమె దుప్పటి తీసి మూతను అతని బల్ల మీద పెట్టి, వెండిరంగు ముక్క మీద వేలు పెట్టింది.

"మద్దిలేటన్నా, ఇది మా అన్న సందూకల దొరికింది."

అతను వంగి చదివాడు. తల ఎత్తినప్పుడు ఆమెను తిట్టలేదు, ఫకీర్ వైపు చూడలేదు.

"దీని కోసం దుకాణంల ఊడ్చిన చెత్త సుత ఎతికినక్కా. నాకు తెల్వకుంట నేనే యాడన్న పడగొట్టిననేమో అనుకున్న. నామీద నాకే అనుమానం పెట్టిన్రు" అన్నాడు.

వెనకనుంచి ఫకీర్ ముందుకు వంగాడు. ఇప్పుడైనా మాఫ్ చెయ్యి అంటాడని ఆమె ఒక్క క్షణం ఆశపడింది. అన్న కదా, ఎంతైనా.

"కానీ తీసిన తీరు చూసినవా మద్దిలేటీ?" అన్నాడు ఫకీర్. "ఒక్క చిరుగన్న ఉన్నదా?"

ఆ మూత ఆ కొట్టులోనే ఉండిపోయింది. బస్సు దిగే ప్రతివాడి కంట్లో పడేట్టు మద్దిలేటి దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించాడు. తర్వాతి రోజుల్లో ఊళ్ళో చాలామంది వచ్చి తమ మిక్సీల, టేప్‌రికార్డర్ల లేబుళ్ళు వెతుక్కున్నారు. ఫకీర్ ఆ దారిన పోవడం మానేశాడు. ప్రయాణం నాడు తాడు కట్ట పట్టుకుని చెల్లెలి గడపలోకి మాత్రం వచ్చాడు. ఆమె తలుపు మూసి, తన పెట్టె తానే కట్టుకుంది. ముడి సరిగ్గా పడలేదు, శంషాబాద్‌లో ఒకసారి ఊడింది కూడా. మళ్ళీ కట్టుకుంది.

మస్కట్‌లో దిగింది. పీచు గీతల మిషన్, సంతకం కాగితం రెండూ చేతిలో పట్టుకుని కస్టమ్స్ బల్ల దగ్గరికి పోయింది. అక్కడ కూర్చున్నవాడు ఆవులిస్తూ, మిషన్ వైపు చూడనైనా చూడకుండా, పొమ్మని చెయ్యి ఊపాడు. తిప్పి చూసినవాడు లేడు, కొత్తదా పాతదా అని అడిగినవాడు లేడు. దీనికోసమా ఇదంతా! నోట్లో ఉమ్మి ఊరింది ఖైరున్నిసాకు. ఉమ్మేదే. కానీ గచ్చు అద్దంలా తుడిచి ఉంది, మింగేసి నడిచింది.